అవతలి కొస

అస్పిండ్జా దాటాక కొండ మలుపులో
నా వ్యాను ముందు చక్రం చచ్చింది.
లోపల ఎనిమిది పిండి బస్తాలు, అట్టపెట్టెలో టీవీ,
పెళ్లికి పోతున్న ఒక అకార్డియను, దాని యజమాని,
ఇద్దరు టీచరమ్మలు.
అందర్నీ దించి జాకీ వెతుకుతుంటే
రాతిగోడ పైనుంచి ఒక గొంతు:
"ఒరే డ్రైవరూ, నీ చేతులు రెండూ పనిచేస్తాయా?"

పిక్రియా లొందారిద్జె. ఎనభై ఏడేళ్లు.
ఈ లోయలో అందరూ ఆమెకు బాకీ,
ఆమె ఎవరికీ కాదు.
"సబ్బుతో కడుక్కో. మళ్లీ కడుక్కో.
డీజిలు వాసన పాలకి గిట్టదు."

వేడినీళ్ల గిన్నెలోంచి తీసింది,
పొగలు కక్కుతున్న పాలముద్ద, కడియంలా చుట్టి.
తెనిలి అంటారు మా మెస్ఖేతిలో.
కొండ దిగితే ఈ పేరు ఎవరికీ తెలీదు.
ఒక్కరి వల్ల కాని వంట అది.
నిరుటి దాకా అవతలి కొస పట్టింది
ఆడబిడ్డ దొదొనా. నలభై ఏళ్లు పట్టింది.
గట్టు తగాదాతో మాటల్లేని పదకొండేళ్లూ
అందులోనే ఉన్నాయి.
పలకరింపులు మానారు గాని
లాగడం మానలేదు.

లాగాం. కడియం సాగి తాడైంది.
మడిచాం, రెండు. లాగి మడిచాం, నాలుగు.
ఎనిమిది, పదహారు, ముప్పై రెండు,
ఆ పైన నా లెక్క తప్పింది.
"అట్లా గుంజకు, ఎద్దులా!
దాన్ని రానీ. నువ్వు కాస్త వెనక్కి వంగు,
బావిలోకి తొంగిచూసి భయపడ్డట్టు."
వంగాను. వచ్చింది.
నా అరచేతి కాయలకు తగిలి
తెగిన పోగులు తెగాయి,
ఆమె తిట్టిన తిట్లు తిట్టింది.
చివరికి వెంట్రుకంత సన్నం,
ఆమె నెరిసిన జడకంటే తెలుపు.
ఉప్పునీళ్లలో ముంచి కర్ర మీద ఆరేశాం.

ఆరేలోగా అందరికీ భోజనం.
చదరంగా కోసి ఉడికించిన పిండిముక్కలు,
పైన కరిగిన వెన్న, ఎర్రగా వేగిన ఉల్లి.
ఒక టీచరమ్మ ఆకలి లేదని మూడుసార్లు వడ్డించుకుంది.
అకార్డియను ఆయన పెట్టె తెరిచాడు, ఏమీ వాయించలేదు,
తుడిచి మూసేశాడు.

మట్టికుండలు రెండు.
పోగుల మీద మీగడ, మీగడ మీద పోగులు,
పిడికిలితో అదిమి, మెడ దాకా.
"రెండోది ఎవరికి?" అన్నాను.

ఉల్లిపాయల ధర చెప్పే గొంతుతోనే చెప్పింది.
"మా అమ్మకి అవతలి కొస ఫెరీదే పట్టేది.
ఆ గోడవతల ఇల్లు.
వాళ్లది నమాజు, మాది శిలువ, మీగడ ఒకటే.
నలభై నాలుగు, నవంబరు. రాత్రి లారీలొచ్చాయి.
పొద్దున వాళ్ల ఆవు ఒకటే అరుపు,
పితికేవాళ్లు లేక.
అమ్మ వెళ్లి పితికింది.
ఆ పాలు ఏం చేయాలో తెలీక
బకెట్టు ముందు కూర్చుంది సాయంత్రం దాకా.
తర్వాత తోడు పెట్టింది.
నాకు ఏడేళ్లు. అవతలి కొస నా చేతికిచ్చింది."

కుండ మూతికి గుడ్డ కట్టింది. ముడి పళ్లతో బిగించింది.
"ఇది వాళ్ల కుండ. ఏటా నింపుతాం.
ఫిబ్రవరి దాకా చూసి
మేమే తినేస్తాం. పారేస్తామా ఏంటి?"

చక్రం మార్చాను. బస్తాలు సర్దాను.
చేతులకి ఇంకా జిడ్డు, మలుపుల్లో స్టీరింగు జారుతుంటే
టీచరమ్మలు దేవుళ్లందర్నీ పిలిచారు.
వచ్చే ఏడు ఆగస్టు, ఆఖరి ఆదివారం,
చక్రం చచ్చినా చావకపోయినా రమ్మంది.
గోళ్లు తీసుకుని రమ్మంది.